ఈశాన్య రుతుపవన కాలం – తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో నేలపై, గగనతలంలో, సరస్సులో పాటించవలసిన జాగ్రత్తలు

తిరుపతి: నైరుతి రుతుపవనాలు నిష్క్రమించి ఈశాన్య రుతుపవనాలు ప్రవేశించే అక్టోబరు మాసం నుండి డిసెంబరు ఆఖరు వరకు దక్షిణ రాయలసీమకు రెండవ వానకాలం. రాష్ట్రంలోని అధిక భాగానికి జూన్ నుండి సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలే ప్రధాన వర్షకాలం కాగా, తిరుపతి, చిత్తూరు జిల్లాలకు ఈ మూడు నెలలు దాదాపు అంతటి ప్రాధాన్యం కలిగి ఉన్నాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లా సాధారణ వార్షిక వర్షపాతం సుమారు 930 మిల్లీమీటర్లు. ఇందులో రమారమి ఐదింట రెండు వంతులు ఈశాన్య రుతుపవనాల వల్లనే లభిస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరిన సూళ్లూరుపేట, తడ ప్రాంతాలకు ఏడాది వానలో సగానికి పైగా ఈ కాలంలోనే కురుస్తుంది.

చెరువులు నిండేదీ, బావుల్లో ఊట పెరిగేదీ, తిరుమల కొండపై జలాశయాలకు నీరు చేరేదీ ఈ వానలతోనే. కనుమ దారులు మూసివేయవలసి వచ్చేదీ, రేణిగుంటలో దిగవలసిన విమానాలు వెనుదిరిగేదీ, పులికాట్ సరస్సులో పడవలు నిలిచిపోయేదీ కూడా ఈ వానలతోనే. భారత వాతావరణ విభాగం జారీ చేసే ప్రకటన ఒక్కటే అయినా, రైతు, యాత్రికుడు, విమాన చోదకుడు, పడవ సరంగు దానిని నాలుగు విధాలుగా చదువుకోవలసి ఉంటుంది. పత్రికా విలేఖరులకు, మండల స్థాయి అధికారులకు ఉపకరించగలదన్న ఉద్దేశంతో ఆ వివరాలను ఇక్కడ క్రోడీకరించడమైనది.

పేరు గాలికే గాని వానకు కాదు

బంగాళాఖాతంలో ఏర్పడే అల్పపీడనం బలపడే కొద్దీ దాని హోదా మారుతుంది. గాలి వేగం గంటకు 31 నుండి 49 కిలోమీటర్ల మధ్య ఉన్నప్పుడు వాయుగుండం, 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండం, 62 నుండి 88 వరకు తుఫాను, 89 నుండి 117 వరకు తీవ్ర తుఫాను అని వ్యవహరిస్తారు. అంతకు మించితే అతి తీవ్ర తుఫానుగానూ, ఆపైన పెను తుఫానుగానూ పరిగణిస్తారు. 62 కిలోమీటర్ల గీత దాటిన తరువాతనే దానికి పేరు పెడతారు. ఉత్తర హిందూ మహాసముద్ర తీర దేశాలు ముందుగా సమర్పించిన పేర్ల జాబితా నుండి వరుస క్రమంలో పేర్లు పెట్టే పద్ధతి 2004 నుండి అమలులో ఉంది.

ఈ వర్గీకరణ అంతా గాలి వేగాన్ని బట్టి చేసినదే. ఎంత వాన పడుతుందన్న దానికి ఇందులో చోటు లేదు. అయినా పేరు పెట్టిన తుఫానుకు పత్రికల్లో మొదటి పుట, పేరు లేని వాయుగుండానికి లోపలి పుట కేటాయించడం పరిపాటి అయింది. కార్యాలయాల్లోనూ అప్రమత్తత తరచుగా పేరుతోనే మొదలవుతుంది. దక్షిణ రాయలసీమ విషయంలో ఈ అలవాటు ఎంత ప్రమాదకరమో 2021 నవంబరు రుజువు చేసింది.

ఆ ఏడాది నవంబరు 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నై నగరాల మధ్య తీరం దాటినది కేవలం ఒక వాయుగుండం. దానికి పేరు లేదు. దాని ప్రభావంతో 18వ తేదీన తిరుమల, తిరుపతిలలో కుండపోతగా వర్షం కురిసింది. తిరుమలకు వెళ్ళే రెండు కనుమ దారులను మూసివేయవలసి వచ్చింది. శ్రీవారి మెట్టు నడక దారి పలుచోట్ల కొట్టుకుపోయి, మరమ్మతుల అనంతరం 2022 మే మాసంలో గాని భక్తులకు తిరిగి అందుబాటులోకి రాలేదు. తిరుపతి నగరంలో పల్లపు కాలనీలు నీట మునిగాయి. ఏడాదిలో అధిక భాగం ఇసుక తిన్నెలుగా కనిపించే స్వర్ణముఖి నది ఒడ్డులు కోసుకుంటూ ప్రవహించింది. రేణిగుంట చేరవలసిన విమానాలు దిగలేక వెనుదిరిగాయి. రెండు రోజుల తరువాత రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడే ప్రమాదం ఏర్పడగా, కట్ట దిగువ గ్రామాల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. వాన వెలిసిన చాలా రోజులకు, డిసెంబరు 1న, తిరుమల రెండవ కనుమ దారిపై పెద్ద బండరాళ్లు జారిపడి రోడ్డు దెబ్బతిన్నది. నానిన కొండ వెంటనే కాక ఆలస్యంగా కూడా కదులుతుందని ఆ సంఘటన తెలియజేసింది.

అదే సందర్భంలో ఒక మంచి నిర్ణయాన్ని కూడా ప్రస్తావించవలసి ఉంది. భారీ వర్ష సూచన ఉన్నందున నవంబరు 17, 18 తేదీల్లో రెండు నడక దారులను మూసివేస్తున్నట్లు తిరుమల తిరుపతి దేవస్థానం ముందుగానే ప్రకటించింది. మెట్ల మీదుగా వరద దూకిన వేళ ఆ దారిలో యాత్రికుల రాకపోకలు లేవు. ఆ రోజుల్లో రాలేకపోయిన టికెట్టుదారులకు తరువాత దర్శన అవకాశం కల్పిస్తున్నట్లు కూడా దేవస్థానం ప్రకటించింది. సూచనను నమ్మి తీసుకున్న చర్య ఫలితం సాధారణంగా వార్త కాదు, ఎందుకంటే ఏమీ జరగదు.

పెద్ద తుఫాను ఎక్కడ తీరం దాటుతుందన్నది కూడా పేరు కన్నా ముఖ్యమైన విషయం. అల్పపీడన కేంద్రం చుట్టూ గాలి అపసవ్య దిశలో తిరుగుతుంది. కేంద్రం పుదుచ్చేరి, చెన్నైల వైపు ఉన్నప్పుడు తిరుపతి దానికి ఉత్తర భాగాన పడుతుంది. అప్పుడు సముద్రం మీది తేమ గాలి తూర్పు నుండి సూటిగా వచ్చి శేషాచలం కొండలను తాకి పైకి లేచి చల్లబడి వానగా కురుస్తుంది. 2015 నవంబరు, 2020 నవంబరులో నివర్, 2022 డిసెంబరులో మాండూస్ ఈ కోవకు చెందినవి. కేంద్రం మచిలీపట్నం, కాకినాడ వైపు ఉన్నప్పుడు తిరుపతి దానికి నైరుతి దిశలో ఉంటుంది. గాలి భూభాగం మీదుగా వాయవ్యం నుండి వీస్తుంది కాబట్టి వాన సాధారణంగా తక్కువ. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తీవ్ర తుఫాను దీనికి పాక్షికంగా మినహాయింపు. అది అంతకు ముందు దక్షిణ కోస్తాను ఆనుకొని నెమ్మదిగా పైకి సాగినందున తిరుపతి జిల్లా తూర్పు మండలాలు కూడా తడిసి ముద్దయ్యాయి.

వాన ఒక జిల్లాలో, వరద మరొక జిల్లాలో

వాతావరణ హెచ్చరికలు జిల్లాల వారీగా వెలువడతాయి. నీరు మాత్రం జిల్లా సరిహద్దులను గుర్తించదు. 2021 నవంబరు 19 ఉదయం అప్పటి కడప జిల్లా రాజంపేట ప్రాంతంలో చెయ్యేరుపై గల అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామాలు తీవ్రంగా నష్టపోయాయి. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. ఆ నీటిలో అధిక భాగం బాహుదా, పింఛా నదుల ద్వారా చిత్తూరు జిల్లా వైపు ఎగువ ప్రాంతాల నుండి వచ్చినదే. మొదట పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ తరువాతనే దిగువన అన్నమయ్య ప్రాజెక్టు తెగింది.

కావున పీలేరు పరిసరాల్లో అతి భారీ వర్షం కురిసినట్లు సమాచారం అందినప్పుడు చెయ్యేటి దిగువన రాజంపేటను, చంద్రగిరి, పాకాల వైపు కురిసినప్పుడు స్వర్ణముఖి దిగువన తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటలను తలచుకోవలసి ఉంటుంది. కల్యాణి, భీమ నదులు కూడా స్వర్ణముఖిలోనే కలుస్తాయి. చిత్తూరు పట్టణానికి నీవా నది, నగరి వైపు కుశస్థలి నది, పిచ్చాటూరు వైపు అరణియార్ ముఖ్యమైనవి. కాళంగి, అరణి నదుల నీరు చివరకు పులికాట్ సరస్సుకు చేరుతుంది. కొండవాలు నుండి దిగే ఈ ఏరులన్నీ పొట్టివి, వాలు ఎక్కువ కలవి. గోదావరి వరద ధవళేశ్వరానికి చేరడానికి రోజులు పడుతుంది. ఇక్కడ రాత్రి వాన తెల్లవారేసరికి వరద.

గొలుసుకట్టు చెరువులు ఈ ప్రాంతపు పాత సంపద. ఒక చెరువు నిండి మొరవ పోతే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. మంచి ఏర్పాటే. అయితే పై చెరువు కట్ట తెగితే కింది చెరువులన్నిటికీ ఒకేసారి ముప్పు వాటిల్లుతుంది. మొరవ కాలువల్లో ముళ్లపొదలు, ఆక్రమణలు లేకుండా చూడటం, తూము తలుపులు పని చేస్తున్నదీ లేనిదీ పరీక్షించడం, కట్టపై ఎలుక బొరియలను పూడ్చడం సెప్టెంబరులోనే ముగియవలసిన పనులు. వాన మొదలైన తరువాత ఇసుక బస్తాలు తప్ప మరే సాధనమూ చేతిలో ఉండదు.

ప్రకటనలోని మాటలకు కొలతలు ఉన్నాయి

వాతావరణ విభాగం వాడే ప్రతి మాటకూ నిర్దిష్టమైన కొలత ఉన్నది. 24 గంటల్లో 64.5 నుండి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిస్తే భారీ వర్షం, 115.6 నుండి 204.4 వరకు అతి భారీ వర్షం, ఆపైన అత్యంత భారీ వర్షం. 15.6 నుండి 64.4 వరకు మోస్తరు వర్షం క్రిందికే వస్తుంది. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని అర్థం. ‘కొన్ని చోట్ల’ అంటే సగం వరకు, ‘చాలా చోట్ల’ అంటే మూడు వంతుల వరకు, అంతకు మించితే ‘దాదాపు అన్ని చోట్ల’. ‘ఒకటి రెండు చోట్ల అత్యంత భారీ వర్షం’ అన్న వాక్యాన్ని ‘పెద్దగా ప్రభావం లేదు’ అని తేల్చివేయరాదు. ఆ ఒక్క చోటు శేషాచలం అడవి కావచ్చును.

రంగుల విషయంలోనూ తరచుగా అపార్థాలు ఏర్పడుతున్నాయి. ఆకుపచ్చ రంగు ఉంటే హెచ్చరిక లేదు. పసుపు రంగు గమనిస్తూ ఉండమని, నారింజ రంగు సన్నద్ధం కమ్మని, ఎరుపు రంగు చర్య తీసుకొమ్మని సూచిస్తాయి. ఎరుపు రంగు కనిపించిన తరువాత సమావేశం ఏర్పాటు చేయడం ఆలస్యం చేయడమే అవుతుంది. ఆ సమావేశం నారింజ రంగు దశలోనే ముగియాలి.

వర్షపాతపు రోజు ఉదయం 8.30 గంటలకు మొదలై మరుసటి ఉదయం 8.30కి ముగుస్తుంది. 18వ తేదీ పగలు, రాత్రి కురిసిన వాన 19వ తేదీ లెక్కలో చేరుతుంది. ఒకే వానకు రెండు పత్రికల్లో రెండు తేదీలు కనిపించడానికి చాలా సార్లు ఇదే కారణం. అలాగే ‘24 గంటల్లో’ కురిసినదీ, ‘మూడు గంటల్లో’ కురిసినదీ ఒకటి కాదు. 100 మిల్లీమీటర్ల వాన రోజంతా పడితే చెరువుకు మేలు, మూడు గంటల్లో పడితే కాజ్‌వేకు కీడు.

అక్టోబరు ఆరంభంలో వెలువడే మూడు నెలల ముందస్తు అంచనాను అతి జాగ్రత్తగా వాడుకోవలసి ఉంది. అది దక్షిణ ద్వీపకల్పంలోని ఐదు వాతావరణ ఉపవిభాగాలకు, అనగా తమిళనాడు, కేరళ, కోస్తాంధ్ర, రాయలసీమ, దక్షిణ కర్ణాటక లోతట్టు ప్రాంతాలకు కలిపి చెప్పే మాట. ఈ ప్రాంతమంతటి దీర్ఘకాల సగటు 1971–2020 లెక్కల ప్రకారం సుమారు 334 మిల్లీమీటర్లు. అందులో 88 నుండి 112 శాతం వరకు ఉంటే ‘సాధారణం’ అంటారు. అది ఏ ఒక్క మండలానికీ హామీ కాదు, ఏ ఒక్క రోజుకూ సూచన కాదు. పసిఫిక్ మహాసముద్రంలోని ఎల్‌నినో ఈశాన్య రుతుపవనాలకు అనుకూలమనీ, లానినా ప్రతికూలమనీ సాధారణ అభిప్రాయం. 2015లో ఎల్‌నినో ఉన్నది, వరదలు వచ్చాయి. 2021లో లానినా ఉన్నది, అయినా వరదలు వచ్చాయి.

ఉభయ జిల్లాలకు ఒక సానుకూల అంశం ఉన్నది. తూర్పున శ్రీహరికోటలోనూ, దక్షిణాన చెన్నైలోనూ డాప్లర్ వాతావరణ రాడార్లు పని చేస్తున్నాయి. మేఘం ఎటు కదులుతున్నదో వీటి ద్వారా తెలుసుకొని రాబోయే మూడు గంటలకు తక్షణ సూచనలు ఇవ్వగలుగుతున్నారు. తిరుపతి, చిత్తూరుల మధ్య గాదంకిలో గల జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల కూడా ప్రసిద్ధి చెందినదే. అయితే అది పైవాతావరణాన్ని అధ్యయనం చేసే పరిశోధన సంస్థ. అక్కడి శాస్త్రవేత్తల వ్యాఖ్యను హెచ్చరికగా ప్రచురించడం సరికాదు. హెచ్చరిక జారీ చేసే అధికారం భారత వాతావరణ విభాగానిదే.

నేలపై

పడమటి మండలాల్లో ఖరీఫ్ వేరుశనగ కోతకు వచ్చేది ఈ కాలంలోనే. పీకి పొలంలో పరిచిన చెట్టు నాలుగు రోజులు తడిస్తే కాయ మొలకెత్తుతుంది, మేత బూజు పడుతుంది. కావున రైతుకు మూడు నెలల అంచనా కన్నా ఐదు రోజుల సూచనే విలువైనది. వ్యవసాయ వాతావరణ సలహాలు మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. మేఘదూత్ యాప్‌లోనూ లభిస్తాయి. మదనపల్లె ప్రాంతపు టమాటాకు ఎడతెగని ముసురు గాలివాన కన్నా ఎక్కువ చేటు. మామిడికి డిసెంబరు వానలు ఆలస్యంగా కొనసాగితే పూత వెనుకబడుతుంది.

పిడుగుల విషయం వేరుగా చెప్పుకోవలసి ఉన్నది. ఇవి వాయుగుండాలతో కన్నా రుతుపవనాలు మారే సెప్టెంబరు, అక్టోబరు మాసాల సాయంత్రాల్లో ఎక్కువ. బలయ్యేది పొలంలో పని చేసేవారు, గొర్రెల కాపరులు. చెట్టు క్రింద నిలబడటం అన్నిటికన్నా ప్రమాదకరమైన పని అని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. దామిని యాప్ పరిసరాల్లో పిడుగు పడే అవకాశాన్ని ముందుగా తెలుపుతుంది. అయితే మేకలు కాచే ముసలమ్మ చేతిలో ఆ ఫోను ఉండదు. ఆమెకు గ్రామ దండోరా, ఆలయ మైకు, పక్క పొలంవారి కేకే ఆధారం.

రహదారులపై ప్రధాన ముప్పు కాజ్‌వేల వద్దనే. మోకాలి లోతు ప్రవాహం కూడా కారును పక్కకు నెట్టగలదు. రోడ్డు పైకి నీరు కనిపిస్తున్నప్పుడు క్రింద రోడ్డు ఉన్నదో లేదో తెలియదు. ఈ మూడు నెలల్లోనే తిరుచానూరు కార్తీక బ్రహ్మోత్సవాలు, కార్తీక సోమవారాలకు శ్రీకాళహస్తి, కపిలతీర్థం రద్దీ, అయ్యప్ప దీక్షల ప్రయాణాలు వస్తాయి. కపిలతీర్థం జలపాతం ఉధృతమైనప్పుడు పుష్కరిణి స్నానాలు నిలిపివేయడం ఆనవాయితీ. పొరుగు రాష్ట్రాల నుండి వచ్చే యాత్రికులకు ఈ సంగతి తెలియదు కాబట్టి తమిళ, కన్నడ భాషల్లోనూ ప్రకటనలు ఇవ్వడం అవసరం.

గగనతలంలో

రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు వంద మీటర్ల ఎత్తున ఉంది. దాని చేరువనే తిరుమల కొండ సుమారు 850 మీటర్ల ఎత్తుకు లేచి ఉంటుంది. తూర్పు గాలి కొండకు కట్టిన మేఘం దట్టంగా క్రిందికి దిగినప్పుడు పట్టణంలో జల్లు మాత్రమే పడుతున్నా విమాన చోదకునికి కొండ కనిపించదు. ‘వానే లేదు గదా, విమానం ఎందుకు దిగలేదు’ అన్న ప్రశ్నకు చాలా సందర్భాల్లో ఇదే సమాధానం.

విమానాశ్రయ వాతావరణ నివేదికలు సాధారణ ప్రకటనలకు భిన్నమైనవి. ఆ క్షణపు స్థితిని తెలిపేది మెటార్, రానున్న గంటల అంచనా టాఫ్, పిడుగు మేఘాలు, తీవ్రమైన కుదుపులు వంటి ప్రమాదాలను తెలిపేది సిగ్‌మెట్. వీటిలోని సమయం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది. భారత కాలమానానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. గాలి వేగం నాట్లలో ఉంటుంది. ఒక నాట్ గంటకు 1.85 కిలోమీటర్లు. కావున 25 నాట్ల గాలి అంటే 46 కిలోమీటర్ల గాలి. గాలి దిశ డిగ్రీలలో ఇచ్చినప్పుడు అది గాలి వచ్చే దిక్కే గాని వెళ్ళే దిక్కు కాదు. మేఘాల ఎత్తు అడుగుల్లో, చూపు మేర మీటర్లలో ఉంటాయి. వెయ్యి మీటర్ల లోపు చూపు మేర ఉంటే పొగమంచు అంటారు.

రన్‌వే తూర్పు పడమరలుగా ఉన్నందున ఈ కాలపు తూర్పు గాలి సాధారణంగా విమానానికి ఎదురుగాలి అవుతుంది. అది దిగడానికి అనుకూలమే. కేంద్రం కదిలి గాలి ఉత్తరానికో దక్షిణానికో మళ్ళినప్పుడు అడ్డగాలి అవుతుంది. తడిసిన రన్‌వేపై అడ్డగాలికి పరిమితులు మరింత కఠినంగా ఉంటాయి. ఆ స్థితిలో ప్రతి విమానం ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి చేరగల ఇంధనంతోనే బయలుదేరుతుంది కాబట్టి దారి మళ్ళించడం ముందే సిద్ధం చేసుకున్న భద్రతా చర్య. దానిని ‘తప్పిన ముప్పు’ అని శీర్షికలో పెట్టడం ప్రయాణికుల బంధువులను అకారణంగా భయపెట్టడమే అవుతుంది.

చెన్నైకి ప్రత్యామ్నాయంగా తిరుపతి ఉన్నదని భావించడం కూడా ఈ కాలంలో అన్ని వేళలా సరికాదు. రెండింటి మధ్య దూరం స్వల్పం, మేఘం ఒక్కటే. మిచౌంగ్ సమయంలో, 2023 డిసెంబరు 4న, చెన్నై విమానాశ్రయ రన్‌వే నీట మునిగి కార్యకలాపాలు మరునాటి ఉదయం వరకు నిలిచిపోయాయి. అటువంటి వేళ బెంగళూరు, హైదరాబాదులే దిక్కు. దర్శన సమయం ముందే నిర్ణయమైన యాత్రికులు ఈ మూడు నెలల్లో విమానం దిగిన రోజునే దర్శనం పెట్టుకోకపోవడం ఉత్తమం.

వాయుగుండం వెళ్ళిపోయిన తరువాత ఆకాశం నిర్మలమై, నేల తడిగా ఉండి, గాలి ఆగిపోయిన డిసెంబరు తెల్లవారుజాములలో పొగమంచు కమ్ముతుంది. ఎండ పొడిచిన కొద్ది గంటలకు విడిపోతుంది. కనుమ దారుల్లో వాహనాలు నడిపేవారికీ ఇదే వర్తిస్తుంది.

సరస్సులో

ఒడిశాలోని చిలికా తరువాత దేశంలో రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. వానలు కురిసినప్పుడు సుమారు 450 చదరపు కిలోమీటర్ల వరకు విస్తరిస్తుంది. సగటు లోతు మాత్రం ఒక మీటరుకు అటూ ఇటూ. ఈ లోతు తక్కువన్న మాటే జనాన్ని ఏమరుపాటుకు గురి చేస్తున్నది. లోతు తక్కువైన విశాలమైన నీటిపై గాలి వీచినప్పుడు అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటిగా లేస్తాయి. సముద్రపు పొడవైన అలను తట్టుకొనే పడవ కూడా వీటికి పక్కకు ఒరుగుతుంది. అడుగున బురద. నీరు మెడలోతైనా బురదలో కాలు నిలవదు. సముద్ర ముఖద్వారాల వద్ద పరిస్థితి వేరు. ఇసుక మేట వేసి ద్వారం మూసుకుంటే కాళంగి, అరణి వరద సరస్సులోనే నిలుస్తుంది. ద్వారం తెరచుకొని ఉంటే అక్కడ ఒరవడి బలంగా ఉంటుంది.

తడ సమీపంలోని భీములవారిపాలెం రేవు నుండి ఇరకం దీవికి పడవలే ఆధారం. పర్యాటకుడికి పడవ ప్రయాణం విహారం. ఇరకం వాసికి అది బడికి, ఆసుపత్రికి, సంతకు వెళ్ళే దారి. గాలి లేచిన రోజున విహారం రద్దు చేసుకోమని చెప్పడం సులభం. ప్రసవ వేదన పడుతున్న స్త్రీకి ఆ మాట చెప్పలేము. కావున వాయుగుండం హెచ్చరిక వెలువడిన నాడే దీవిలోని నిండు గర్భిణులను, డయాలసిస్ వంటి చికిత్సలు అవసరమైనవారిని గట్టుకు చేర్చడం, నిత్యావసర సరుకులు ముందుగా పంపడం సరైన పద్ధతి.

ఇక్కడే ప్రకటన చదవడంలో ఒక చిక్కు ఉన్నది. ‘గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీచే అవకాశం ఉన్నందున మత్స్యకారులు సముద్రంలోకి వెళ్లరాదు’ అన్న వాక్యం ఈ మూడు నెలల్లో అనేక పర్యాయాలు వెలువడుతుంది. అందులో సముద్రం అన్న మాటే ఉంటుంది, సరస్సు అన్న మాట ఉండదు. సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్నది సన్నని ఇసుక దిబ్బే. దానికి గాలి ఆగదు. తీరానికి ఈ హెచ్చరిక ఉన్న ప్రతి సందర్భంలోనూ పులికాట్ పడవలకు కూడా అది వర్తిస్తుందని రెవిన్యూ, మత్స్య, పర్యాటక సిబ్బంది రేవుల వద్ద స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. సముద్రపు అలల ఎత్తు, ఒరవడి వివరాలను హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం అందజేస్తుంది.

అయితే హెచ్చరిక లేని రోజున పడవలన్నీ క్షేమమని కాదు. 2011 డిసెంబరు 25న పులికాట్ సరస్సు తమిళనాడు భాగంలో క్రిస్మస్ విహారానికి వెళ్ళిన పడవ మునిగి 20 మందికి పైగా మరణించారు. 2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం నాడు కృష్ణా నది పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తా పడి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగినప్పుడు నది వరదలో ఉన్నది. ఇవేవీ ఆయా చోట్ల తుఫాను విరుచుకుపడిన రోజులు కావు. మూడింటిలో రెండు సెలవు, పండుగ సందడి వేళ జరిగాయి. పడవకు అనుమతించిన సంఖ్య కన్నా ఒక్కరు ఎక్కువైనా బయలుదేరనీయకపోవడం, ఎక్కే ముందే లైఫ్ జాకెట్టు కట్టించడం, పొద్దు గుంకే లోపు రేవు చేర్చడం ఏ వాతావరణంలోనైనా మారని నియమాలు.

పులికాట్‌లో విహారానికి అనువైన కాలం నిజానికి ఈ మూడు నెలల తరువాతనే వస్తుంది. అక్టోబరు నుండి చేరే రాజహంసలు, నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులు జనవరిలో కన్నుల పండువుగా ఉంటాయి. అప్పటికి గాలులు తగ్గుముఖం పడతాయి. 2025లో ఫ్లెమింగో పండుగను జనవరి 18 నుండి 20 వరకు నిర్వహించారు. చంద్రగిరి కోట వద్ద చెరువులో తిరిగే చిన్న పడవలకు గాలి కన్నా పిడుగే పెద్ద భయం. మొదటి ఉరుము వినబడగానే పడవలను గట్టుకు రప్పించవలసి ఉంటుంది. ఉరుము వినిపించేంత దూరంలో ఉన్నవారికి పిడుగు తగిలే అవకాశం కూడా ఉన్నట్లే.

అత్యవసర పరిస్థితుల్లో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నియంత్రణ గదికి 1070, జిల్లా నియంత్రణ గదికి 1077, ఇతర సహాయానికి 112 నంబర్లకు ఫోను చేయవచ్చును. ఫోను చేసేవారు గ్రామం పేరుతో పాటు ఎగువనున్న చెరువు లేదా వాగు పేరు కూడా చెబితే సహాయక బృందాలను సరైన దారిలో పంపడానికి వీలవుతుంది.